సీసపు గుండుకు కొత్త పిస్తోలు గొట్టాన్ని దారికి తేవడం

నిర్వచనం, పరిధి

కర్మాగారం నుంచి కొత్తగా వచ్చిన పిస్తోలు గొట్టం బయటికి ఎంత మెరిసినా, లోపల పనిముట్ల గీతలు, సన్నటి పొక్కులు, అక్కడక్కడ కాస్త ఇరుకు మిగిలి ఉంటాయి. రాగి తొడుగు వేసిన గుండు వాటి మీదుగా పెద్ద ఇబ్బంది లేకుండా సాగిపోతుంది. తొడుగు లేని పోత సీసపు గుండుకు అది వీలుకాదు. మెత్తని లోహం గీతల్లో చిక్కి, ఒరుసుకుని, గొట్టం గోడకు పూతలా అంటుకుంటుంది. ఆ గరుకునూ ఇరుకునూ తగ్గించి, సీసపు గుండు గురి తప్పకుండా, మరక వదలకుండా వెళ్లేలా గొట్టాన్ని సిద్ధం చేయడమే ఈ వ్యాసంలో ‘దారికి తేవడం’.

ఇది కొత్త పిస్తోలు యంత్రాంగాన్ని కాల్చి అరగదీయడం కంటే వేరు. అమెరికా కంపెనీ కింబర్ తన బిగువైన పిస్తోళ్లను నమ్మకంగా వాడేముందు 400 నుంచి 500 తూటాలు కాల్చమని చెబుతుంది. ఆ సూచన స్లైడు, పట్టాలు, తూటా ఎక్కే దారి ఒకదానికొకటి అమరడం కోసం. గొట్టం లోపలి పని దానితో తీరదు. ఈ రెండింటినీ ఒకటిగా చూసి వందల తూటాలు వృథా చేసేవారు ఎక్కడైనా కనిపిస్తారు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో ఈ విషయానికి ప్రత్యేక సందర్భం ఉంది. నల్లమల అంచున ఉన్న ఈ పల్లెలకు తుపాకీతోనూ సీసంతోనూ పాత పరిచయం ఉంది. అయితే ఆ పరిచయం రైఫ్లింగ్ (లోపల మెలి తిరిగిన గాళ్లు) ఉన్న పిస్తోలుతో కాదు, మూతి నుంచి మందు కూరే బర్మారుతో. రెండింట్లోనూ సీసం, గొట్టం ఒకదానితో ఒకటి ప్రవర్తించే తీరు వేర్వేరు.

సీసం పట్టడం: జరిగే తీరు

పిస్తోలు గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు, వాటి మధ్య గట్లు ఉంటాయి. గట్లు గుండును కరిచి పట్టి తిప్పుతాయి. గుండు గాళ్ల అడుగుదాకా నిండుగా పట్టాలి. పట్టకపోతే వెనక నుంచి మండుతున్న వాయువు పక్కల సందుల్లోంచి ముందుకు దూసుకుపోతుంది. శుద్ధ సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. తూటా మందు వేడి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వాయువు గుండు అంచులను కోసి, సీసాన్ని తుంపరగా గోడలకు చిమ్ముతుంది. దాని మీదుగా తర్వాతి గుండు రాసుకుంటూ పోయి ఇంకో పొర చేరుస్తుంది.

రెండో కారణం గరుకు. బోరును, అంటే గొట్టం లోపలి రంధ్రాన్ని, పెద్దది చేసే రీమరు గొట్టంలో తిరుగుతూ పనిచేస్తుంది కాబట్టి దాని గీతలు గుండు ప్రయాణానికి అడ్డంగా, గట్ల నెత్తిన పడతాయి. గాళ్లను తీసే బ్రోచి గీతలు మాత్రం గుండు వెళ్లే దిక్కునే నిలువుగా ఉంటాయి. సీసాన్ని ఎక్కువగా గీకేవి అడ్డగీతలే. అందుకే గాళ్లలో అద్దంలా కనిపించే గొట్టం కూడా గట్ల మీద సీసం పట్టించుకోగలదు.

మరక ఎక్కడ ఉందో చూస్తే రోగం చాలావరకు తెలిసిపోతుంది. తూటా ఉండే గది దాటగానే, గాళ్లు మొదలయ్యే చోట సీసం ఉంటే గుండు సన్నగా ఉందనో, గొట్టం గొంతు గరుకుగా ఉందనో అనుమానించాలి. మధ్యలో ఉంటే ఇరుకో గరుకో కారణం. మూతి దగ్గర మాత్రమే ఉంటే గుండుకు పూసిన కందెన దారిలోనే అయిపోయిందని అర్థం. రివాల్వర్లలో గొట్టాన్ని చట్రంలోకి మరబిగించిన చోట ఉక్కు నలిగి బోరు కొద్దిగా సన్నబడుతుంది. గుండు అక్కడ కుంచించుకుని, ఆ తర్వాత మిగతా గొట్టంలో వదులుగా ప్రయాణిస్తుంది. కంటికి కనిపించని ఈ ఇరుకు వల్ల ఎంతోమంది ఏ లోపమూ లేని గుండు మిశ్రమాన్నీ కందెననూ మార్చి మార్చి విసిగిపోయారు.

చరిత్ర

తుపాకీ దక్షిణ భారతంలోకి పదహారో శతాబ్ది తొలి దశాబ్దాల్లో బలంగా వచ్చింది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్తోవావ్ ద ఫిగరేదు వెంట వచ్చిన పోర్చుగీసు తుపాకీదారులు కోట గోడల మీది కాపలాదారులను గురిపెట్టి కూల్చారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వృత్తాంతం చెబుతుంది. అప్పటివి జామగీ తుపాకులు. నిప్పుతాడుతో మందు అంటించేవి, లోపల గాళ్లు లేని నున్నని బోరువి. వాటిలో గుండు బోరు కంటే సన్నగా ఉండేది, లేకుంటే మూతి నుంచి దిగదు. సీసం అంటినా ఆ వదులు వల్ల పెద్దగా తెలిసేది కాదు. మందు మసే అసలు తలనొప్పి.

తెలుగునాట ఫిరంగుల పోతకూ తుపాకుల తయారీకీ పేరున్న చోట్లు ఉన్నాయి. నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదో శతాబ్ది చివర్లో హైదరాబాదులో పెట్టిన కార్ఖానా పేరు ఇవాళ్టికీ గన్‌ఫౌండ్రీ అనే పేటగా నిలిచింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఫిరంగులూ మందుగుండూ పోగుచేశాడన్న ఆరోపణతో ఈస్టిండియా కంపెనీ 1839లో అతణ్ణి పదవి నుంచి దించి రాజ్యాన్ని కలిపేసుకుంది.

యూరప్‌లో రైఫ్లింగ్ 1500 నాటికే పుట్టినా, గాళ్లలో బిగువుగా పట్టే గుండును మూతి నుంచి దింపడం కష్టం కావడంతో చాలాకాలం వేటగాళ్ల వస్తువుగానే ఉండిపోయింది. 1849లో ఫ్రెంచి అధికారి మినియే రూపొందించిన, అడుగు బోలుగా ఉన్న సీసపు గుండు ఆ చిక్కు విప్పింది. సన్నగా దిగి, పేలగానే ఉబ్బి గాళ్లను పట్టుకునేది. ఆ సూత్రం మీదే వచ్చిన 1853 ఎన్‌ఫీల్డు తూటా కాగితానికి పూసిన కొవ్వు 1857 సిపాయిల తిరుగుబాటుకు ఒక కారణమైంది. గుండుకు కందెన ఎంత ముఖ్యమో చరిత్రలో అంత గట్టిగా చెప్పిన ఘటన మరొకటి లేదు.

1880లలో పొగలేని మందు, రాగి తొడుగు గుండు వచ్చాక సైన్యాలు మామూలు సీసాన్ని వదిలేశాయి. పిస్తోళ్లలో మాత్రం సీసం నిలిచింది, ఎందుకంటే వాటి వేగం, పీడనం తక్కువ. 1935లో .357 మాగ్నమ్ రివాల్వరు వచ్చినప్పుడు తొలి కర్మాగారపు తూటాల్లో తొడుగులేని సీసపు గుండే ఉండేది. అంత వేగానికి అది గొట్టాలను దారుణంగా సీసంతో పూసేసింది. గట్టి మిశ్రమాలు, మంచి కందెనల మీద అమెరికాలో ఎల్మర్ కీత్ వంటి వారు చేసిన ప్రయోగాలకు 1955 నాటి .44 మాగ్నమ్ ఒక ఫలితం.

పడమటి ప్రకాశంలో తుపాకీ, సీసం (చూ. బర్మారు)

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1970 ఫిబ్రవరిలో ఒంగోలు (తర్వాతి ప్రకాశం) జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లావి. అంతకుముందు కడప జిల్లావి. 1800లో నిజాం కంపెనీకి ధారాదత్తం చేసిన సీమలో ఇవీ భాగమే. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా ఉన్న ఏళ్లలో పాలెగాళ్ల బలగాలను కట్టడి చేసి, ఆయుధాలు లాక్కుని, కోటలను నిరుపయోగం చేయడం పాలనలో మొదటి పని అయింది.

1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాక తిరుగుబాటు గిద్దలూరు వైపుకూ నల్లమల కొండలకూ పాకింది. అదే ఏడు అక్టోబరులో అతను పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. కోటలు, కొండలు, పొదల చాటున జరిగిన ఆ పోరు కాలానికి బంట్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి నున్నని బోరు తుపాకులూ కత్తులూ బల్లేలే. సీసం కరిగించి అచ్చులో పోసి గుండ్లు చేసుకోవడం ఆనాటి తుపాకీదారు రోజువారీ పని.

సీసం ఈ నేలకు పరాయిదేమీ కాదు. వినుకొండకు దగ్గర్లోని అగ్నిగుండాల ప్రాంతంలో, మార్కాపురం డివిజనుకు పొరుగున, బండలమొట్టు గని సీసపు ఖనిజానికి పేరు పొందింది. హిందుస్థాన్ జింక్ సంస్థ దాన్ని నడిపి తర్వాత మూసివేసింది. కడప జిల్లా జంగంరాజుపల్లె దగ్గరా సీసం, జింకు నిక్షేపాలు ఉన్నాయి. ఇవన్నీ కడప శిలాశ్రేణికి చెందినవే. మార్కాపురం పలకరాయి ఏ శ్రేణిలో దొరుకుతుందో సీసమూ ఆ శ్రేణి రాళ్లలోనే ఉంది.

బర్మారు లోపల గాళ్లు ఉండవు, తూటా ఉండదు. మూతి నుంచి నల్లమందు, పీచు, సీసపు రవ్వలు లేదా ఒక గుండు కూరి కడ్డీతో దట్టిస్తారు. దానికి కొత్త గొట్టాన్ని దారికి తేవడమంటే లోపలి తుప్పు, వెల్డింగు గడ్డలు లేకుండా చూడడమే. లైసెన్సు లేని నాటు తుపాకుల్లో నీళ్ల పైపును గొట్టంగా వాడినవి తరచూ పోలీసులకు పట్టుబడుతుంటాయి. పీడనాన్ని తట్టుకునేలా చేసిన ఉక్కు కాదది, అతుకు దగ్గర చీలిపోతుంది. ఎంత నునుపు చేసినా దాన్ని సురక్షితం చేయలేరు.

గొట్టం తయారీ, గరుకు రకాలు

ఒకే బోరు గొట్టాలు కూడా తయారైన పద్ధతిని బట్టి లోపల వేర్వేరుగా ఉంటాయి. ఒక్కో గాడిని కొద్దికొద్దిగా కోస్తూ తీసేది పాత పద్ధతి, నెమ్మదైనది. అన్ని గాళ్లనూ ఒకేసారి కోసే బ్రోచి పద్ధతి వేగమైనది, అయితే బ్రోచి మొద్దుబారితే లోహం చీలి పొలుసులుగా నిలుస్తుంది. గట్టి కార్బైడు గుండీని బోరు గుండా లాగి గాళ్లను ఒత్తేదాన్ని బటన్ రైఫ్లింగ్ అంటారు. ఇందులో కోత ఉండదు కాబట్టి లోపలి తలం సాధారణంగా నున్నగా వస్తుంది. లోపల అచ్చు ఉంచి బయటి నుంచి సుత్తులతో కొట్టి గాళ్లను దించే పద్ధతి రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో వ్యాప్తికి వచ్చింది. ఇవాళ పెద్ద కంపెనీలు ఎక్కువగా వాడేది అదే.

పదునైన అంచులు లేకుండా గుండ్రటి కోణాలుగా గాళ్లు ఉండే గొట్టాలు ప్రత్యేకం. గ్లాక్ పిస్తోళ్లలో చాలావాటికి అలాంటివే. సీసపు గుండు వాటిలో జారి పూత పేరుకుని పీడనం పెరిగే ప్రమాదం ఉందని, తొడుగులేని గుండ్లు వాడవద్దని కంపెనీ హెచ్చరిస్తుంది. అలాంటి గొట్టాన్ని దారికి తేవడం అనే ప్రశ్నే రాదు. లోపల క్రోమియం పూసిన గొట్టాన్నీ, నైట్రైడు చేసి పైపొర గట్టిపరిచిన గొట్టాన్నీ సాన పడితే ఆ రక్షణ పొరే పోతుంది. అవి మొదటినుంచే నున్నగా, గట్టిగా ఉంటాయి. వాటికి గుండు కొలత ఒక్కటే సరిచూసుకోవాలి.

మొదట కొలత

ఈ విషయంలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, ఎక్కువమంది ఆఖరున చేసే పని కొలత. ఖాళీ అని రూఢి చేసుకున్న ఆయుధం నుంచి గొట్టాన్ని వేరుచేసి, లోపల నూనె రాసి, బోరు కంటే కాస్త లావైన మెత్తని సీసపు ముద్దను ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా దాటిస్తారు. బయటికొచ్చిన ముద్ద మీద గాళ్లూ గట్లూ అచ్చుగా పడి ఉంటాయి. దాన్ని మైక్రోమీటరుతో కొలిస్తే గాళ్ల అడుగు వ్యాసం తెలుస్తుంది. దాటించేటప్పుడు చేతికి తగిలే బిగువు కూడా సమాచారమే. ఒకచోట పట్టేసి తర్వాత వదులైతే అక్కడ ఇరుకు ఉన్నట్టు.

సీసపు గుండు గాళ్ల అడుగు వ్యాసం కంటే అంగుళంలో వెయ్యో వంతు నుంచి రెండు వెయ్యో వంతుల దాకా ఎక్కువగా ఉండాలన్నది స్థిరపడిన అనుభవం. .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ రివాల్వరు గాళ్లు దాదాపు .312 అంగుళం. అంటే గుండు .313, .314 మధ్య ఉంటే సరిపోతుంది. రివాల్వరులో సిలిండరు రంధ్రాల మూతులు గుండు కంటే సన్నగా ఉంటే, గుండు గొట్టంలోకి రాకముందే నలిగిపోతుంది. అప్పుడు గొట్టాన్ని ఎంత సాన పట్టినా లాభం లేదు, రీమరుతో సరిచేయాల్సింది సిలిండరును.

కొత్త గొట్టాల మీద వచ్చే ఫిర్యాదుల్లో గరుకు మీద పడే నింద చాలావరకు సన్నగుండుది. ఒక్క గుండు కొలత మార్చి చూడకుండా సానపొడి అందుకోవడం ఈ పనిలో జరిగే అతిపెద్ద పొరపాటు. గొట్టంలోంచి తీసేసిన ఉక్కును తిరిగి పెట్టలేరు.

నునుపు చేసే పద్ధతులు

అన్నిటికంటే తేలికైనది, మొదట ప్రయత్నించదగినది తొడుగు గుండ్లు కాల్చడం. మొదట బోరులోని కర్మాగారపు గ్రీజు, లోహపు రజను శుభ్రం చేయాలి. తర్వాత కొన్ని పదుల తొడుగు తూటాలు కాల్చి, మధ్యమధ్య శుభ్రం చేస్తే పైపైన నిలిచిన సన్నటి పొలుసులు రాలిపోతాయి. రాగిని పూర్తిగా తీసేశాకే సీసపు గుండు కాల్చాలి. ఒక్కో గుండుకూ ఒకసారి శుభ్రం చేయాలన్న కఠిన పద్ధతిని కొందరు గొట్టాల తయారీదారులు సిఫారసు చేస్తారు, మరికొందరు వృథా అని కొట్టిపారేస్తారు. పోటీ రైఫిలు గొట్టాల విషయంలో వాదన ఇంకా సాగుతోంది. మామూలు పిస్తోలు విషయంలో కొన్ని పదులు చాలు.

చేతితో సాన పట్టడం శతాబ్దాల నాటిది. కడ్డీ చివర గొట్టంలోనే కరిగిన సీసం పోసి చల్లారిస్తే, గాళ్లన్నీ అచ్చుగా దిగిన సీసపు బిరడా తయారవుతుంది. దానికి నూనెతో కలిపిన ఎమెరీ లేదా సిలికాన్ కార్బైడు పొడి పట్టించి గొట్టం పొడవునా మెలికను అనుసరించి ముందుకూ వెనక్కూ నడుపుతారు. కోసిన పలకరాతి గరుకును నీళ్లు చల్లి రుద్ది రుద్ది పోగొట్టినట్టే, ఇందులోనూ పొడి ముతక నుంచి సన్నకు మారుతూ వెళ్తుంది. బిరడా ఎక్కడ బిగుస్తుందో చేతికి తెలుస్తూనే ఉంటుంది. ఇరుకున్న చోట ఎక్కువసార్లు, వదులున్న చోట తక్కువసార్లు రుద్దవచ్చు. అందుకే నేర్పున్నవారు ఈ పద్ధతినే మెచ్చుతారు.  గీతలు గుండు వెళ్లే దిక్కునే పడటం దీని అసలు ప్రయోజనం.

మూడోది కాల్చి సాన పట్టడం. సీసపు గుండు మీదకు సానపొడిని దొర్లించి అద్ది, తక్కువ మందుతో కాలుస్తారు. మొదట ముతక, తర్వాత సన్నటి పొడి. మరబిగింపు దగ్గర ఇరుకున్న రివాల్వర్లకు ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే గుండు మొదట తాకేది ఆ చోటునే. లోపం కూడా అక్కడే ఉంది. మొదట తాకే గొంతు భాగం అన్నిటికంటే ఎక్కువ అరుగుతుంది. కొన్ని గుండ్లు ఎక్కువైతే గొంతు వదులై గురి పోతుంది. మందు మరీ తగ్గితే గుండు గొట్టంలోనే ఆగిపోతుంది. ఆగిన గుండును చూడకుండా రెండోది కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. కాబట్టి ప్రతి గుండు తర్వాతా గొట్టంలోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూడడం తప్పనిసరి. ఇది లైసెన్సున్న తుపాకీ మేస్త్రీ చేయాల్సిన పని.

రివాల్వరు గొట్టం మొదట్లో ఉండే గరాటు మూతిని 11 డిగ్రీల కోణానికి మార్చి సాపు చేయడం మరో పద్ధతి. సీసపు గుండు గాళ్లలోకి వంకర లేకుండా దిగడానికి అది తోడ్పడుతుంది.

నునుపు అతిగా చేసినా మంచిది కాదు. అద్దంలా మెరిసే బోరు కందెనను నిలుపుకోదు. అందుకే నిపుణులు సన్నటి నిలువు గీతలున్న తలాన్నే కోరుకుంటారు.

గుండు వైపు పని: మిశ్రమం, కందెన

గొట్టం ఎంత బాగున్నా గుండు మిశ్రమం కుదరకపోతే ఫలితం రాదు. సీసానికి తగరం, ఆంటిమొని కలిపి గట్టిపరుస్తారు. బ్రినెల్ కొలమానంలో శుద్ధ సీసం గట్టిదనం దాదాపు 5. వందలో 90 పాళ్లు సీసం, అయిదేసి పాళ్లు తగరం, ఆంటిమొని ఉండే లైమన్ రెండో నెంబరు మిశ్రమానిది 15 దాకా. లైనోటైపు లోహానిది 22 దాకా. చేతి కంపోజింగ్ కాలంలో తెలుగు అచ్చు యంత్రశాలల్లో పెట్టెల నిండా ఉన్న సీసపు అక్షరాల్లో ఆంటిమొని పాలు ఇంకా ఎక్కువ. అంచులు అరిగిపోకుండా ఉండటానికి అలా కలిపేవారు.

ఎంత గట్టిదైతే అంత మంచిదన్నది తప్పుడు నమ్మకం. గుండు అడుగు పీడనానికి కొద్దిగా ఉబ్బితేనే గాళ్లు మూసుకుంటాయి. బ్రినెల్ అంకెను 1,422తో గుణిస్తే ఆ మిశ్రమం ఎన్ని పౌండ్ల పీడనానికి ఒదిగిపోతుందో స్థూలంగా తెలుస్తుంది. .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటాకు అమెరికా ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. అంటే దానికి 10, 11 అంకెల మిశ్రమం చాలు. లైనోటైపు గుండు అందులో ఒదగదు. పక్కల నుంచి వాయువు కోసుకుపోయి, గట్టి గుండే ఎక్కువ సీసం పూస్తుంది.

కందెనగా పూర్వం జంతువుల కొవ్వు వాడేవారు. ఇరవయ్యో శతాబ్దిలో తేనెమైనం, ఆలాక్స్ అనే కందెన సమపాళ్లలో కలిపిన మిశ్రమం ప్రమాణంగా నిలిచింది. ఇటీవల గుండు మీద పొడి రంగు చల్లి పొయ్యిలో కాల్చే పూత బాగా వ్యాపించింది. సీసం గొట్టాన్ని తాకనే తాకదు కాబట్టి గరుకు గొట్టాన్ని కూడా సాన పట్టకుండానే చాలావరకు నెట్టుకురావచ్చు. ఒక గొట్టాన్ని తిరిగి రాని విధంగా అరగదీసే ముందు పూత గుండ్లతో పరీక్షించి చూడటం వివేకం.

శుభ్రపరచడం

పట్టిన సీసాన్ని తీయడానికి కంచు బ్రష్షుకు శుద్ధమైన రాగి పీచు చుట్టి నూనెతో రుద్దడం సులువైన పద్ధతి. గిన్నెలు తోమే పీచుల్లో కొన్ని ఇనుప తీగకు రాగి పూసినవి. అయస్కాంతం పట్టుకుంటే అవి పనికిరావు, ఉక్కును గీస్తాయి. సీసం పట్టిన గొట్టంలో తొడుగు గుండ్లు కాల్చి శుభ్రం చేయడం పాత అలవాటు. పీడనం పెరిగే ప్రమాదం ఉన్నందున దాన్ని వదిలేయాలి. వెనిగర్, పెరాక్సైడు కలిపిన ద్రావణం సీసాన్ని విషపు లవణంగా మార్చడమే కాక ఉక్కునూ తింటుంది. అది ఇంట్లో చేయదగిన పని కాదు.

క్రీడలో సీసపు గుండు

ఒలింపిక్ పిస్తోలు పోటీలన్నీ నేటికీ సీసం మీదే నడుస్తున్నాయి. 25 మీటర్ల పిస్తోలు పోటీలో వాడే .22 తూటా గుండు కందెన పూసిన సీసం. పురుషుల సెంటర్‌ఫైర్ పోటీలో ఎక్కువమంది వాడేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటాలో, కాగితానికి గుండ్రటి చిల్లు కోసే చదునైన మూతి సీసపు గుండు. జస్పాల్ రాణా 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది ఆ సెంటర్‌ఫైర్ విభాగంలోనే. హైదరాబాదు షూటర్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం సాధించింది .22 సీసపు గుండుతో.

పోటీ గొట్టాలను చాలావరకు తయారీలోనే సాన పట్టి పంపుతారు. వాటి యజమానులు బోరును మరీ తరచుగా శుభ్రం చేయరు. చేసిన తర్వాత కొన్ని తూటాలు కాల్చి, గోడకు కందెన పొర ఏర్పడ్డాకే స్కోరు తూటా మొదలుపెడతారు. సీసపు గుండుకు కావాల్సింది శూన్యమైన గోడ కాదు, సమానంగా పూసుకున్న కందెన అని ఈ అలవాటు చెబుతుంది.

ఆరోగ్యం, పర్యావరణం

సీసానికి సురక్షిత మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పోత పనిలో అసలు ముప్పు పొగ కంటే చిట్టెం ధూళిది. చేతులకూ బట్టలకూ అంటుకుని ఇంట్లోకి చేరి పిల్లల ఒంట్లోకి వెళ్తుంది. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడితే ఆవిరి పేలి లోహం చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె ఆ వేడికి మెత్తబడి అడుగు ఊడిపోగలదు. వంటింటి సామాను ఈ పని దరిదాపుల్లో ఉండకూడదు. గొట్టం శుభ్రం చేసిన గుడ్డలూ సీసపు చెత్తే.

అడవిలో పడిన సీసం పక్షుల కడుపులోకి చేరుతుంది. నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలను అమెరికా 1991 నుంచి నిషేధించింది. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసపు గుండ్లన్నిటినీ ఆపేసింది. నల్లమలలో ఈ చర్చకు తావే లేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేటే నేరం, గిద్దలూరు, మార్కాపురం వైపు అడవిలో చాలా భాగం పులుల రక్షిత ప్రాంతం.

చట్టం (చూ. ఆయుధాల చట్టం, 1959)

1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకీని గానీ మందుగుండును గానీ తయారుచేయడానికి, మరమ్మతు చేయడానికి, పరీక్షించడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. తూటా భాగాలనూ, వాటిని తయారుచేసే యంత్ర సామగ్రినీ చట్టం మందుగుండు నిర్వచనంలోనే చేర్చింది. కాబట్టి ఆత్మరక్షణ లైసెన్సుతో .32 పిస్తోలు కొన్న వ్యక్తికి ఇంట్లో గుండ్లు పోసుకునే హక్కు రాదు. గొట్టానికి సాన పట్టడాన్నీ మరమ్మతుగానే చూడాలి. గొట్టం పొట్టి చేయడం 6వ సెక్షను కింద విడిగా నియంత్రితం. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. ఒక మనిషికి ఉండగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

అడవి పందుల నుంచి కంది, వేరుశనగ చేలను కాపాడుకునే రైతుకు చట్టంలో ఒక దారి ఉంది. పంట రక్షణ కోసమని నిజంగా రుజువైతే మూతి నుంచి కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షను చెబుతుంది. అది చాలదని అధికారి భావిస్తే నున్నని బోరు తుపాకీకి ఇవ్వవచ్చు. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటుకు, విచారణ పోలీసులది. లైసెన్సు ఉన్నా అడవి జంతువును చంపడానికి అది అనుమతి పత్రం కాదు. ఎన్నికల వేళ ఆయుధాన్ని ఠాణాలో అప్పగించాల్సి వస్తుంది.

కొత్త గొట్టంలో లోపం కనిపించిన లైసెన్సుదారు ముందుగా దాన్ని అమ్మిన లైసెన్సున్న డీలరు దగ్గరికే తీసుకెళ్లాలి. బోరు కొలిపించి, ఆ కొలత రాయించుకుని, తర్వాతే సాన గురించి అడగాలి.